పోయిన ఏనుగు సరే, ఉన్న రాబందు సంగతేంది?

మన మేడిపల్లి ఓపెన్‌కాస్టుల దొరికిన స్టెగోడాన్ ఏనుగు దంతాలు యాదికున్నయా? శానా పాతకాలంయి. సింగరేణి వాటిని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియానికి అప్పజెప్పింది. ఇప్పుడు సైన్సు ఇంత పెరిగింది కదా, ఆ ఏనుగును మళ్ల పుట్టియ్యరాదా అని మనోళ్లకు అనిపిస్తది.

కుదరదు. రాయి అయిన ఎముకల డీఎన్‌ఏ మిగలది. విత్తనం లేంది మొలక ఎట్ల వస్తది? సైబీరియా మంచుల గడ్డకట్టిన మామత్ ఏనుగు వేరు, అండ్ల ముక్కలు ముక్కలుగనన్న ఉన్నది.

2025ల అమెరికాల కొలోసల్ అనే కంపెనీ, వేల ఏండ్ల కింద అంతరించిన డైర్ వుల్ఫ్‌ను తెచ్చినమన్నది. వాళ్లు చేసింది ఇది: ఇప్పుడున్న తోడేలు కణంల 14 జన్యువులల్ల 20 మార్పులు చేసి, కుక్క కడుపుల పెంచిన్రు. పత్తిల బీటీ జన్యువు పెడితే అది పత్తి కాకుండ పోతదా? ఇది కూడ మార్చిన తోడేలే.

మన హైదరాబాద్ సీసీఎంబీ కూడ 2000 ప్రాంతంల చీతాను క్లోనింగ్‌తో తేవాలని చూసింది. ఇరాన్‌ను అడిగితే చీతాను ఇయ్యలే, కణాలు ఇయ్యలే. ఆఖరికి 2022ల నమీబియా నుంచి బతికున్న చీతాలనే తెచ్చి కూనో అడవిల ఇడిచిన్రు.

నేను సైన్సుకు వ్యతిరేకం కాదు. కాని "పోతే పోనీ, ల్యాబుల మళ్ల పుట్టిస్తరు" అనే ఆలోచన వస్తే ఉన్నయి కూడ మిగలయి.

రాబందునే చూడుండ్రి. ఆసిఫాబాద్ జిల్లా పాలరాపు గుట్ట మీద గూళ్లు పెట్టిన పక్షి అది, మనకు దూరమేం కాదు. పశువుకు నొప్పికి డైక్లోఫెనాక్ సూది ఇస్తం, ఆ పశువు చస్తది, ఆ కళేబరం తిన్న రాబందు కిడ్నీలు చెడిపోయి చస్తది. దేశంల తెల్లవీపు రాబందులు నూటికి 99 పోయినయి. 2006లనే పశువులకు ఆ మందు బంద్ చేసిన్రు. 2023ల కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడ బంద్ పెట్టిన్రు. అయినా మనుషుల కోసం అమ్మే సూదిమందు తెచ్చి బర్రెకు పొడిచేటోళ్లు ఉన్నరు.

ల్యాబుల రాబందును పుట్టిచ్చినా, అది మళ్ల మన కళేబరమే తిని చస్తది. గందుకే అన్నా, పశువుల డాక్టరును మెలాక్సికామ్ అడుగుండ్రి, అది రాబందుకు హాని చెయ్యది. వేరే నొప్పి మందు ఇచ్చిన పశువు చస్తే బయట పడెయ్యకుండ్రి, లోతుగ బొంద తీసి పెట్టుండ్రి. దీనికి కంపెనీ అక్కర్లేదు, కోట్లు అక్కర్లేదు.