వెదురు కుళ్ళలేదు బాబూ, గోడ కుళ్ళింది

ముందే చెప్పేస్తున్నా, ఇది చిట్కాల టపా కాదు, తిట్ల టపా. అందులో మొదటి వాటా నాదే కాబట్టి ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

వెదురు షెల్ఫు తేమకి పాడవకుండా ఏం చెయ్యాలని మీ టీములో ఎవర్నైనా అడిగి చూడండి. వార్నిష్ కొట్టు. అవిసె నూనె రాయి. వెనిగర్‌తో తుడు. సిలికా జెల్ పొట్లాలు పెట్టు. ఆదివారం ఎండలో పెట్టు. ఇవేవీ కుదరకపోతే ఆఖరి అస్త్రం, "అసలు వెదురెందుకు గురూ, ప్లాస్టిక్‌ది కొనుక్కో". ఇన్ని చెప్పినవాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు "ఆ తేమ ఎక్కణ్ణుంచి వస్తోంది?" అని అడగడు. అడగనివాళ్ళెవరయ్యా అంటే పొద్దస్తమానం రూట్ కాజ్ ఎనాలిసిస్ అని మెయిళ్ళు కొట్టుకునే మనమే. ప్రోగ్రామ్ ఎర్రర్ ఇస్తుంటే ఖాళీ క్యాచ్ బ్లాకు పెట్టి మింగేసే జూనియర్‌ని కోడ్ రివ్యూలో చీల్చి చెండాడతాం. ఇంటికొచ్చి నల్లబడ్డ బొంగు మీద వార్నిష్ కొడతాం. రెండూ ఒకటే పని.

నేనూ అదే చేశాను. మాది తుర్కయాంజాల్‌లో సాగర్ రోడ్డుకి కాస్త లోపలగా ఉన్న అపార్ట్‌మెంటు, మొదటి అంతస్తు. రెండేళ్ళ క్రితం ఎండాకాలంలో పుస్తకాల కోసం వెదురు షెల్ఫు చేయించుకున్నాను, రోడ్డు పక్కన తడికలు, బుట్టలు, నిచ్చెనలు పెట్టుకుని కూర్చునే మేదరి పెద్దాయన దగ్గర. (బొంగులు కొనడానికి బొంగుళూరు దాకా వెళ్ళక్కర్లేకుండా దొరికాయని ఆఫీసులో జోకు కూడా వేశాను. ఎవరూ నవ్వలేదు.) ఐదు అరలు, 3,200 రూపాయలు. 2,400 ఇచ్చి మిగతా 800 వచ్చే వారం ఇస్తానన్నాను. ఆయన సరేనన్నాడు.

షెల్ఫు దించి వెళ్ళేటప్పుడు ఆయన చెప్పినవి రెండే మాటలు. "గోడకు ఆనిచ్చి పెట్టకు సారూ, జర ఎడం ఉంచు, గాలి ఆడాలె. కాళ్ళ కింద తడి ఉండొద్దు." నేనేమో చెవిలో ఇయర్‌ఫోన్స్‌తో స్టాండప్ కాల్‌లో ఉన్నాను. తల ఊపాను. ఆయనటు వెళ్ళగానే షెల్ఫుని మూలకి జరిపి గోడకి అంటించి పెట్టాను. చూడ్డానికి నీటుగా ఉంటుందని.

సెప్టెంబరు వచ్చేసరికి వెనక బొంగులు నల్లబడ్డాయి, కాళ్ళు కింద మెత్తబడ్డాయి. కింది అరలో పుస్తకాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. మా నాన్న కాలేజీ రోజుల్లో కొన్న నిఘంటువు 'ప' నుంచి 'మ' దాకా ఒకే అట్టముక్క అయిపోయింది. ఆ కోపంలో సరాసరి రోడ్డు మీదికెళ్ళి, బేరమాడుతున్న నలుగురి ముందూ "పచ్చి బొంగులు అంటగట్టావు" అని ఆ పెద్దాయన మీద అరిచాను. 800 ఇవ్వలేదు. ఆయన అడిగింది ఒక్కటే, "గోడ చూసినవా సారూ?" తప్పించుకుంటున్నాడనుకున్నాను. క్లయింటు ఫోన్ చేస్తే మనం "ఒకసారి మీ నెట్‌వర్క్ చెక్ చేసుకోండి" అంటామే, ఆ బాపతు అనుకున్నాను.

తర్వాత చిట్కాల పారాయణం. ఎండబెట్టాను, గరుకు కాగితంతో రుద్దాను, రెండు కోట్లు వార్నిష్ కొట్టాను. చలికాలమంతా తళతళలాడింది. చూశారా నేను ఫిక్స్ చేశాను అని ఇంటికొచ్చినవాళ్ళందరికీ చూపించాను. మళ్ళీ జులై వచ్చేసరికి నలుపు తిరిగొచ్చింది. ఈసారి వార్నిష్ పైన కాదు, వార్నిష్ కింద.

ఎందుకలా అయింది? బొంగు పైచర్మంలో మైనం లాంటి పొర, ఇసుకలో ఉండే సిలికా ఉంటాయి. దాన్లోంచి నీళ్ళు అంత తేలిగ్గా దూరవు, ఆ మాటకొస్తే వార్నిష్ కూడా సరిగా పట్టుకోదు. పైగా చెట్టు కలపలో లోపలికీ బయటికీ అడ్డంగా పోయే కణాల దారులుంటాయి, వెదురులో అవి లేవు. ఉన్నవన్నీ నిలువు గొట్టాలే. అంటే నీళ్ళు ఎక్కేది కోసిన కొసల్లోంచి, గుబ్బలు కొట్టిన చిల్లుల్లోంచి, లోపలి వైపు నుంచి. మనం బ్రష్ పట్టుకుని శ్రద్ధగా పూసేదెక్కడ? దేవుడి దయవల్ల అసలే భద్రంగా ఉన్న పైచర్మం మీద! రోజూ తడిగుడ్డ పెట్టి నేల తుడిచినప్పుడు నీళ్ళు పీల్చుకునే కాళ్ళ అడుగుభాగాన్ని తిరగేసి చూసిన పాపాన పోము. ఎక్కిన నీళ్ళు బయటికి పోకుండా పైన మాత్రం రెండు కోట్లు బిరడా బిగిస్తాం. మెట్ట మీద రబ్బరు బుష్‌లు తొడిగితే సరిపోతుందనుకునేవాళ్ళకి కూడా ఒక దండం. తుడిచిన నీళ్ళు ఆ బుష్‌లో చేరి అక్కడే కూర్చుంటాయి.

"హైదరాబాదు వానాకాలం గాలిలో తేమ ఎక్కువ, అందుకే" అనేవాళ్ళున్నారు. ఒట్టి గాలి తేమకి మహా అయితే పైపైన బూజు పడుతుంది, పొడిగుడ్డతో తుడిస్తే పోతుంది. వెదురు కుళ్ళాలంటే దాని బరువులో ఇరవై శాతానికి పైగా నీళ్ళుండాలి, అంత నీరు మన ఊరి గాలి ఇవ్వలేదు. గోడో, నేలో, పైపో ఇవ్వాలి.

ఇంకో గుర్తు చెప్తాను, తగాదాకి వెళ్ళే ముందు చూసుకోండి. బొంగుకి సన్న చిల్లులు పడి కింద పిండి రాలుతుంటే అది పురుగు. వెదురులో ఉన్న పిండిపదార్థం కోసం వస్తుంది. లేత బొంగు కొట్టినా, నీళ్ళలో నానబెట్టకుండా, మందు పట్టించకుండా అమ్మినా వచ్చే తెగులది. అప్పుడు అమ్మినవాణ్ణి నిలదీయండి, న్యాయమే. పిండి రాలకుండా గోడ వైపు నల్లబడుతుంటే మాత్రం నోరు మూసుకుని ఇంటికెళ్ళి గోడ చూసుకోండి. నా షెల్ఫు నుంచి ఒక్క చిటికెడు పిండి రాల్లేదు. పెద్దాయన ముదురు బొంగులే వాడాడు, నానబెట్టే వాడాడు.

ఆ సంగతి తెలిసింది పది రూపాయల ప్లాస్టిక్ కవరుతో. షెల్ఫు వెనక గోడ మీద అడుగు పొడవు కవరు పరిచి నాలుగు వైపులా టేపు అంటించి రెండు రోజులు వదిలేశాను. కవరుకి గది వైపు చెమ్మ పడితే అది గాలిలోది. గోడ వైపు పడితే గోడలోంచి వచ్చేది. నా కవరు లోపల వైపు బొట్లుబొట్లుగా నీళ్ళు. గోడకి అవతల బాత్రూమ్. ప్లంబర్ వచ్చి నహానీ ట్రాప్ చుట్టూ రెండు టైల్స్ ఎత్తితే, ట్రాప్‌కీ స్లాబుకీ మధ్య సందులో సిమెంటు సరిగా కూరనే లేదు. స్నానం చేసిన ప్రతిసారీ కాసిన్ని నీళ్ళు అందులోకి దిగి, గోడలోకి ఎక్కి, నా షెల్ఫు వీపు తడుపుతున్నాయి. ఏడాదికి పైగా నాలుగైదు వేల రూపాయల చిట్కాలు చేశానే, ఆ డబ్బుతో ఇది అయిపోయేది.

ఇక్కణ్ణుంచి అసలు తిట్లు. ఈ సంగతి మా అపార్ట్‌మెంటు గ్రూపులో పెడితే వచ్చిన సలహాలు: పుట్టీ పెట్టించు, డ్యాంప్ ప్రూఫ్ పెయింటు వేయించు, అన్నిటికన్నా సులువు పీవీసీ ప్యానెల్స్ కొట్టించు, చూడ్డానికి హోటల్లా ఉంటుంది. ముగ్గురి ఇళ్ళలో ఆ ప్యానెల్స్ వెనక ఏముందో నాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు. అయినా బిల్డర్ని అడగరు. ఎందుకంటే ఫ్లాటు అమ్మేటప్పుడు రేటు పడిపోతుందట. అయ్యా, 2016 రెరా చట్టంలో 14వ సెక్షన్, మూడో ఉపసెక్షన్ ఒకటుంది. ఇల్లు చేతికొచ్చిన ఐదేళ్ళలోపు నిర్మాణంలో, పనితనంలో లోపం బయటపడి మనం చెప్తే, బిల్డరు ముప్పై రోజుల్లో సొంత ఖర్చుతో సరిచెయ్యాలి. మనం ఆ ఐదేళ్ళూ ఏం చేస్తున్నాం? సాక్ష్యం మీద మన డబ్బుతోనే పెయింటు వేసుకుంటున్నాం. మూడేళ్ళ బాండు రాసే ముందు ప్రతి లైను చదివిన మనవాళ్ళు, ముప్పై ఏళ్ళ అప్పు పెట్టిన ఇంటి విషయంలో ఇంత ఉదారులేంటో నాకర్థం కాదు. మాసబ్ చెరువు వైపు కాలనీల్లో కింది అంతస్తుల వాళ్ళదైతే ఇంకో బాధ, పునాది దగ్గర తడి అడ్డే పొర సరిగా వెయ్యకపోతే నేలలోంచే చెమ్మ పైకెక్కుతుంది. అక్కడా మందు ప్యానెల్సేనట!

ప్లైవుడ్ కొనేటప్పుడు మాత్రం అందరం పండితులమే. 303 ఆ, 710 ఆ, మెరైనా అని ఐఎస్ నంబర్లు వల్లిస్తాం. ఇళ్ళలో వాడే వెదురుకి, కేన్‌కి మందు పట్టించే పద్ధతి మీద కూడా భారతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ 1902. కట్టడాలకి వాడే వెదురుకి ఐఎస్ 9096. ఎకో-ఫ్రెండ్లీ అని పచ్చ ఆకు బొమ్మ వేసి ఆన్‌లైన్లో మూడింతల రేటుకి వెదురు అమ్మేవాణ్ణి ఎప్పుడైనా "దీనికి ఏ మందు పట్టించారు?" అని అడిగామా? ఎక్కువగా పట్టించేది వెలిగారం, బోరిక్ ఆమ్లం, అదే క్యారమ్స్ బోర్డు మీద చల్లే పౌడర్. పురుగుకి బాగా పనిచేస్తుంది కానీ నీళ్ళు తగిలితే మెల్లగా కరిగి బయటికొచ్చేస్తుంది. కాబట్టి మందు పట్టించిన వెదురు కూడా తడిగోడకి ఆనించడానికి కాదు. ఈ ముక్క ఆ ఆకు బొమ్మ వెనక రాసుండదు.

మా అమ్మమ్మ వాళ్ళింట్లో వడ్ల గుమ్మి ఉండేది, వెదురుతో అల్లి పేడతో అలికింది. రాళ్ళ మీద ఎత్తుగా, గోడకి మనిషి దూరేంత ఎడంగా నిలబెట్టేవాళ్ళు. చిన్నప్పుడు దాని వెనక దాక్కోడానికే ఆ సందు ఉంచారనుకునేవాణ్ణి. ఇంజనీరింగ్ నాలుగేళ్ళు చదివినా ఆ అభిప్రాయం మారలేదని ఇప్పుడు తెలిసింది.

బాత్రూమ్ పని బిల్డరు చేతే చేయించాను, నాలుగు ఉత్తరాలు, ఒక రెరా బెదిరింపు తర్వాత. తొమ్మిదంగుళాల గోడ ఆరడానికి నెలలు పట్టింది, నెలనెలా కవరు అంటించి చూస్తూనే ఉన్నాను. మొన్న ఫిబ్రవరిలో కవరు రెండు వైపులా పొడిగా వచ్చింది. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ సాగర్ రోడ్డు మీద బండి ఆపాను. పెద్దాయన తడిక అల్లుతున్నాడు. నన్ను గుర్తుపట్టాడు, కానీ ఏమీ అనలేదు. నా దగ్గర సిద్ధం చేసుకున్న డైలాగులు చాలానే ఉన్నాయి, ఒక్కటీ నోటికి రాలేదు. 800 చేతిలో పెట్టి "తప్పు నాదే పెద్దాయనా, గోడదే" అన్నాను.

ఆయన లెక్కపెట్టుకుని బొడ్లో దోపుకున్నాడు. "ఎండిందా గోడ?"

"ఎండింది."

"కాళ్ళు మెత్తబడ్డయన్నవు గదా. తీస్కరా సారూ, కింద నాలుగు అంగుళాలు కోసి ఇస్త. కొసలకు మైనం పెడ్త."

ఎంత తీసుకుంటావంటే యాభై అన్నాడు. శనివారం ఆటో మాట్లాడుకున్నాను.