అరచేతి చాటు దీపం

శిడ్లఘట్ట దగ్గర మా సాదలిలో కార్తీకమాసం సాయంత్రాలు అమ్మ తులసికోట దగ్గరికి దీపం తీసుకెళ్తూ, గాలికి ఆరిపోకుండా ఎడమ చెయ్యి అడ్డం పెట్టేది. ఆ వెలుగుకి ఆమె వేళ్ల అంచులు ఎర్రగా మెరిసేవి. అది చూడవలసిన అందమని అప్పుడు నాకు తోచలేదు.

చాలా ఏళ్లకు మైసూరు జగన్మోహన ప్యాలెస్ చిత్రశాలలో ఆ వేళ్లే మళ్లీ కనిపించాయి. ‘గ్లో ఆఫ్ హోప్’ అనే ఆ బొమ్మను క్యాలెండర్ల మీద మీరూ చూసే ఉంటారు. సావంత్‌వాడిలో 1882లో పుట్టిన ఎస్.ఎల్. హల్దంకర్, 1945-46 ప్రాంతంలో తన కూతురు గీతను చూసి వేసిన చిత్రం అది. నేను మాత్రం రవివర్మదని పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. రవివర్మ 1906లోనే కాలం చేశారు! ఒకరికి రావలసిన జమ ఇంకొకరి ఖాతాలో వేస్తే బ్యాంకులో సంజాయిషీ అడుగుతారు. ఇక్కడ అడిగింది మా అమ్మాయి.

అది నీటిరంగుల బొమ్మ. ఆ పద్ధతిలో వెలుగు కావాలంటే కాగితం తెలుపును అలాగే వదలాలి, లేదా పలచని పూతతో సరిపెట్టాలి. చుట్టూ చీకటిని పొరలు పొరలుగా పేర్చుకుంటూ రావాలి. చీకటి హద్దు దాటితే మళ్లీ వెలుగు తేవడం కష్టం.

ఫ్రాన్సులో మోనే 1875లో గొడుగు పట్టుకున్న తన భార్య కామిల్‌ను చిత్రించాడు. అక్కడ వెలుగంతా ఆకాశానిది. నీడ పడిన చోట ఆమె తెల్లగౌను నీలంగా మారుతుంది. ముఖం సరిగ్గా తెలియదు గానీ, ఎండా గాలీ తెలుస్తాయి. చూస్తే హుషారు పుడుతుంది. హల్దంకర్ బొమ్మలో వెలుగు ఆమె చేతిలోనే ఉంది. ముఖం మీద బంగారు ఛాయ, వెనకంతా నీడ. దాని ముందు మాట్లాడాలనిపించదు.

గీతగారు నూరేళ్లు దాటి బతికి 2018లో కన్నుమూశారు. బొమ్మలో ఇంకా పడుచుపిల్లే. మా అమ్మకు మిగిలింది పాసుపుస్తకంలోని ఫోటో ఒక్కటే. ఫ్లాష్ వెలుగుకు కళ్లు చిట్లించింది, ముఖమంతా ఒకటే తెలుపు. అమ్మ పోలిక అందులో అంతంత మాత్రమే.

మీ ఇంట్లో పెద్దవాళ్లు దీపం పెట్టే వేళకు ఒకసారి పక్కన నిలబడి చూడండి. ఫోటో తియ్యాలనిపిస్తే తియ్యండి, ఫ్లాష్ మాత్రం వెయ్యకండి.