తుపాకికి ఒక పెట్టె

ఇంట తుపాకి ఉంచుకొనేవాడు మొదట దొంగను గురించి ఆలోచిస్తాడు, తరువాత పిల్లలను గురించి ఆలోచిస్తాడు. రెండూ తగిన ఆలోచనలే. అండమాన్ దీవులలో నివసించేవాడు మూడవ శత్రువును కూడ మరువరాదు. అది గాలి. 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలువబడిన శ్రీ విజయపురంలో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. గాలిలోని తేమ చాలా నెలలు 80 శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. తేమ 60 శాతం దాటినప్పటి నుండి ఉక్కుకు తుప్పు త్వరత్వరగా పడుతుంది. దానికి సముద్రపు ఉప్పు తోడైతే, తుడవకుండా వదలిన తుపాకి గొట్టం మీద కొద్ది రోజులలోనే ఎర్రని చుక్కలు కనిపిస్తాయి.

అందుచేత దీవులలో తుపాకిపెట్టె అలంకార వస్తువు కాదు. అది సరిగా లేకపోతే తుపాకికి రక్షణ కావలసిన పెట్టెయే శత్రువవుతుంది. పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లీషు తుపాకిపెట్టెలను చూడండి. ఓక్ లేదా మహాగని చెక్క, లోపల ఆకుపచ్చని ఉన్నిగుడ్డ, పైన తోలు. చలిదేశపు ఇంటికి, రైలు ప్రయాణానికి అవి చక్కగా సరిపోయాయి. ఉష్ణమండలపు దీవిలో ఉన్నిగుడ్డ తేమను పట్టి ఉంచి ఇనుముకు అంటగడుతుంది. తోలు బూజు పడుతుంది. ఓక్ చెక్క నుండి అసెటిక్ ఆమ్లపు ఆవిరి వెలువడుతుంది. ఓక్ సొరుగులలో ఉంచిన సీసపు వస్తువులు తెల్లని పొడిగా మారిపోవడం మ్యూజియముల వారికి చిరకాలంగా తెలిసిన సంగతి.

మరి ఏ చెక్క వాడాలి? దానికి సమాధానం దీవులలోనే ఉన్నది. అండమాన్ పడౌక్ ఆ దీవుల రాష్ట్రవృక్షం. మన శేషాచలపు ఎర్రచందనానికీ, అడవులలోని వేగిసకూ అది దగ్గరి చుట్టం. మూడూ ఒకే ప్రజాతికి చెందినవి. దాని చేవ ఎర్రగా, గట్టిగా ఉంటుంది. చెదలు సులభంగా పట్టవు. అన్నిటికంటె ముఖ్యంగా, ఆరిన తరువాత అది తక్కువగా కదులుతుంది. దాని సోదరజాతియైన బర్మా పడౌక్‌తో ఒకప్పుడు ఫిరంగి బండ్ల చక్రాలు చేసేవారు. 1883లో వెలసిన చాథం రంపపు మిల్లు ఎన్నో దశాబ్దాలు పడౌక్ దుంగలను కోసి ఎగుమతి చేసింది. 2002 మే నెలలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు దీవులలో చెట్ల నరికివేతను గట్టిగా అదుపు చేసింది. కనుక కొత్త కలప కొనేవారు రసీదుతో మాత్రమే కొనాలి. అంతకంటె మేలైన మార్గం పాత తలుపు, విరిగిన మంచం వంటివి సంపాదించడం. ఇరవై ముప్పయ్యేళ్ళు ఇంటి గాలిలోనే ఆరిన చెక్క కంటె నమ్మదగిన చెక్క మరొకటి లేదు.

కొత్త పలకలే వాడవలసి వస్తే ఓపిక పట్టక తప్పదు. నీడలో, గాలి తగిలేటట్లు, పలకకూ పలకకూ మధ్య పుల్లలు పెట్టి పేర్చాలి. అంగుళం మందానికి ఏడాది అనేది వడ్రంగుల పాత లెక్క. అంతకంటె ఖచ్చితమైన పరీక్ష త్రాసు. ఒక పలకను గుర్తుపెట్టి వారం వారం తూచాలి. బరువు తగ్గడం నిలిచిపోయిననాడు ఆ చెక్క చుట్టూ ఉన్న గాలితో సమానపడిందన్నమాట. 80 శాతం తేమగల గాలిలో ఆరిన చెక్కలో కూడ దాని ఎండు బరువులో దాదాపు ఆరవ వంతు నీరు ఉంటుంది. పచ్చి చెక్కలో దీనికి ఎన్నో రెట్లు. అట్టి చెక్కతో పెట్టె చేస్తే ఆ నీరంతా లోపలి ఇనుము మీదికే చేరుతుంది.

సాధారణమైన పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకి సుమారు 46 అంగుళాల పొడవుంటుంది. దానికి లోపలి కొలత 50 అంగుళాల ఎత్తు, 10 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల లోతు గల నిలువు పెట్టె చాలును. నేల నుండి నాలుగంగుళాలు, గోడ నుండి ఒక అంగుళం ఎడం ఉండాలి. వానకాలంలో గోడ కూడ చెమ్మగిలుతుంది. చట్రాన్ని కుసులతో కూర్చి, తలుపు పలకను గాడిలో వదులుగా నిలపాలి. దానికి జిగురు పెట్టరాదు. చెక్క పొడవున కాక అడ్డంగా ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు లేని పలక చట్రాన్నైనా విప్పుతుంది, తానైనా పగులుతుంది.

పడౌక్ నార ఎదురెదురుగా అల్లుకొని ఉంటుంది. చిత్రిక పదునుగా ఉండి, పలుచగా తీయకపోతే పొరలు లేస్తాయి. దాని పొడి ముక్కునూ గొంతునూ బాధిస్తుంది కనుక గుడ్డ కట్టుకోవడం మంచిది. బందులూ స్క్రూలూ ఇత్తడివే కావాలి. ముందు రంధ్రం చేసి, అదే కొలత ఇనుప స్క్రూను ఒకసారి త్రిప్పి తీసి, తరువాత ఇత్తడిది బిగిస్తే అది విరగదు. తలుపు మూసినప్పుడు బందుల స్క్రూలు బయటికి కనిపించరాదు. లోపలి గోడలకు పలుచని లక్క పూత రెండుసార్లు వేసి, వాసన పూర్తిగా పోయేవరకు తెరచి ఉంచాలి. తుపాకి మడమ క్రిందా, గొట్టానికి ఆనే గంటు వద్దా తప్ప మరెక్కడా తాకరాదు. ఆ రెండు చోట్ల తీసి ఉతకగల గుడ్డ వేయవచ్చును. ఉన్నీ, స్పాంజీ కూడవు.

ఇక లోపలి గాలి సంగతి. దానిని పొడిగా ఉంచే మార్గాలు రెండు. ఒకటి, తలుపు అంచుకు రబ్బరు పట్టీ వేసి గాలి చొరకుండా మూసి, చిల్లుల డబ్బాలో సిలికాజెల్ ఉంచడం. అది తేమ పీల్చి రంగు మారినప్పుడు ఓవెన్‌లో 120 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచితే మళ్ళీ పనికివస్తుంది. రెండవది, పైనా క్రిందా చిన్న రంధ్రాలు ఉంచి, లోపల కొద్దిపాటి వేడి కల్పించడం. కెమెరాలకూ పుస్తకాలకూ బీరువాలో చిన్న బల్బు వెలిగించడం ఉష్ణదేశాలలో పాత అలవాటే. 28 డిగ్రీల వద్ద 85 శాతం తేమగల గాలిని 33 డిగ్రీలకు వేడిచేస్తే అదే తేమ సుమారు 64 శాతానికి దిగుతుంది. బల్బు చెక్కకు తగలకుండా తీగల గూడులో ఉండాలి. ఈ రెండింటినీ కలపరాదు. రంధ్రాలున్న పెట్టెలో సిలికాజెల్ ఊరి గాలినంతా ఆరబెట్టడానికి ప్రయత్నించి రెండు రోజులలో అలసిపోతుంది.

ఇంత చేసినా చెక్కపెట్టె తేమను ఆపుతుందే గాని గడ్డపారను ఆపలేదు. 2016 ఆయుధ నియమాలు లైసెన్సు కోరేవారి నుండి సురక్షితంగా భద్రపరుస్తామన్న హామీని అడుగుతాయి. 1959 ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ ప్రకారం సాధారణ లైసెన్సుదారు రెండు తుపాకులకు మించి ఉంచుకొనరాదు. కనుక ఈ పెట్టెను తాళమున్న ఉక్కు బీరువాలో అమర్చడం, లేదా లోపలి నుండి గోడకు బోల్టులతో బిగించి ఉక్కు పట్టీ వేయడం అవసరం. పని మొదలుపెట్టే ముందు లైసెన్సు ఇచ్చిన కార్యాలయంలో అడిగి తెలుసుకొనడం ఉత్తమం. అద్దపు తలుపు పెట్టాలన్న కోరికను మానుకోవాలి. అది అతిథికి చూపేదే దొంగకూ, పదేళ్ళ పిల్లవానికీ చూపుతుంది.

తుపాకి పెట్టెలోకి వెళ్ళేముందు ఖాళీగా ఉన్నదని కంటితోనూ వ్రేలితోనూ చూడాలి. తూటాలు వేరొక పెట్టెలో, వేరొక తాళం క్రింద ఉండాలి. బల్బు వెలిగే పెట్టెలో ఎన్నడూ ఉంచరాదు. తాళంచెవి మేకుకు వ్రేలాడితే పెట్టె లేనట్లే. నెలకొకసారి తలుపు తెరచి, గొట్టాన్ని తుడిచి, పలుచగా నూనె రాసి, మొదటి రెండు రోజులు గొట్టం నోరు క్రిందికి ఉండేటట్లు నిలపాలి. అప్పుడు నూనె మడమ చెక్కలోకి ఇంకి దానిని మెత్తబరచదు. మంచి చెక్క, మంచి పనితనం ఈ నెలవారీ పావుగంటను తేలిక చేయగలవు. దానిని అనవసరం మాత్రం చేయలేవు.