పురాణాలలో ఉన్నదట!

జేమ్స్ వెబ్ దూరదర్శిని వార్త రాగానే "ఇదంతా మన పురాణాలలో ఉన్నదే" అని మీసం దువ్వే పండితమిత్రులారా, ఉస్మానియా ఆచార్యులు సాలెహ్ మహమ్మద్ అల్లాదీన్ పేరు ఎరుగుదురా? గెలాక్సీలు ఢీకొంటే ఏమగునో గణించి 1965లోనే ప్రకటించినవారు. విశ్వం వయసు 65 కోట్ల ఏండ్లున్ననాటి ఏడు గెలాక్సీల గుంపును వెబ్ 2023లో నిర్ధారించింది. అట్టి కిక్కిరిసిన చోట పొరుగువాటి ఆకర్షణకు వాయువు కుదించుకొని తారలు వడివడిగా పుడతాయి; వాయువు తరిగిపోతే ఆ పుట్టుక ఆగుతుంది. మిరపను మరీ ఒత్తుగా నాటితే ఏమవుతుందో చూసిన మా గుంటూరు రైతుకు ఇది కొత్త కాదు. పురాణాలు నేనూ ముప్పైయేండ్లు పాఠం చెప్పినవాణ్ణే. ఈ లెక్క వాటిలో కనబడలేదు. ఉన్నదంటారా, అధ్యాయంతో సహా శ్లోకం చూపండి. లేదంటారా, మీ మనుమలకు అల్లాదీన్ గారి పేరు చెప్పండి.