అమ్మానాన్నలతో ఇటలీ.. ఒక్క నగరం చాలు!

వేసవి వచ్చిందంటే బ్రిటన్‌లోని మన తెలుగు ఇళ్లలో సందడే సందడి. ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వస్తారు. లండన్ చూపించడం అయిపోగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: ‘ఇటలీకి ఐదు రోజులు వెళ్తున్నాం, ఏమేం కవర్ చేయొచ్చు?’ వెంటనే ఎవరో ఒకరు ఎక్సెల్ షీట్ పెడతారు. మిలాన్ ఒక రోజు, వెనిస్ ఒక రోజు, ఫ్లోరెన్స్ ఒక పూట, దారిలో పీసా, చివరికి రోమ్. ఆ షీట్‌లో అన్నీ ఉంటాయి. అరవై ఐదేళ్ల అమ్మ మోకాళ్లు, నాన్న షుగర్ మాత్రల టైము మాత్రం ఉండవు.

‘ఇంత ఖర్చు పెట్టి వెళ్తున్నాం, వాళ్లు మళ్లీ వస్తారో రారో, అన్నీ చూపించేద్దాం’ అంటారు. ఆ ఆరాటం అర్థం చేసుకోదగ్గదే. కానీ లెక్క వేసి చూడండి. ఊరు మారిన ప్రతిసారీ పెట్టెలు సర్దాలి, హోటల్ ఖాళీ చేయాలి, స్టేషన్‌కు చేరాలి, రైలెక్కాలి, కొత్త హోటల్ వెతుక్కోవాలి. సగం రోజు అక్కడే పోతుంది. రోమ్ నుంచి వెనిస్‌కు హైస్పీడ్ రైల్లోనే దాదాపు నాలుగు గంటలు. ఐదు రోజుల్లో మూడుసార్లు ఊరు మారితే మిగిలేది మూడున్నర రోజులు. అందుకే నా అభిప్రాయం ఒక్కటే. పెద్దవాళ్లతో వెళ్తుంటే ఒక్క నగరాన్ని ఎంచుకోండి, అక్కడే ఉండండి. మొదటిసారైతే అది రోమ్ కావడం మంచిది.

ముందుగా వీసా సంగతి. బ్రిటన్ విజిటర్ వీసా ఉంటే ఇటలీకి కూడా వెళ్లొచ్చని చాలామంది అనుకుంటారు. కుదరదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు షెంగెన్ వీసా విడిగా కావాలి. నివాసం ఉన్న దేశంలోనే దరఖాస్తు చేయాలన్నది సాధారణ నియమం. కాబట్టి అమ్మానాన్నల వీసా వాళ్లు ఇండియాలో బయల్దేరక ముందే పూర్తి కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, పదిహేను రోజుల్లోపు అయితే ఆలస్యమే. 2024 జూన్ నుంచి పెద్దలకు ఫీజు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి.

తర్వాత నెల. స్కూలు సెలవులని జూలై, ఆగస్టుల్లో వెళ్తే రోమ్ ఎండ మన విజయవాడను గుర్తు చేస్తుంది. ఆగస్టు 15 వాళ్లకు పెద్ద పండగ. ఆ రోజుల్లో చాలా చిన్న దుకాణాలు, హోటళ్లు మూసేస్తారు. పెద్దవాళ్ల వీసా గడువు అనుమతిస్తే అక్టోబరు హాఫ్ టర్మ్ నయం.

రోమ్‌లో ముందే బుక్ చేయాల్సినవి ముఖ్యంగా రెండే. ఒకటి కొలోసియం, రెండోది వాటికన్ మ్యూజియంలు. కొలోసియం టికెట్లు సాధారణంగా నెల రోజుల ముందు విడుదలవుతాయి. 2023 అక్టోబరు నుంచి టికెట్ మీద పేరు ఉంటుంది, గేటు దగ్గర గుర్తింపు కార్డుతో సరిచూస్తారు. మనకు ఇక్కడే చిక్కు. ఇంటిపేరు ముందా, వెనకా, పొట్టి అక్షరాలా అని ఆలోచించకుండా పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే టైప్ చేయండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఉచితమే, కానీ వాళ్లకూ టికెట్ తీసుకోవాలి. గూగుల్‌లో వెతికితే పైన కనిపించేవి చాలావరకు మధ్యవర్తుల సైట్లు. అధికారిక సైట్‌లోనే కొనండి. అదే టికెట్‌తో పక్కనున్న రోమన్ ఫోరమ్, పాలటైన్ కొండ కూడా చూడొచ్చు.

ఉచిత రోజులు ఆశ పెడతాయి. నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియంలు, చివరి ఆదివారం వాటికన్ మ్యూజియంలు ఉచితం. కానీ ఆ రోజు క్యూ తిరుమల సర్వదర్శనాన్ని తలపిస్తుంది. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు ఆ డబ్బులు మిగుల్చుకోవద్దు. సెయింట్ పీటర్స్ చర్చి ప్రవేశం ఎప్పుడూ ఉచితమే. దాని గోపురం ఎక్కాలంటే 551 మెట్లు, లిఫ్ట్ టికెట్ కొన్నా ఇంకా 320 మిగులుతాయి. అది మనవళ్లకు వదిలేయండి. లోపలికి భుజాలు, మోకాళ్లు కప్పుకొని వెళ్లాలి. చీర కట్టుకున్న బామ్మకు ఏ ఇబ్బందీ లేదు, నిక్కరు వేసుకున్న మనవడినే ఆపుతారు.

రోమ్ పాత వీధులన్నీ ఎగుడుదిగుడు రాతి బాటలు. చెప్పులు వద్దు, మెత్తటి బూట్లు వేయించండి. హోటల్ గది చవగ్గా వస్తుందని ఊరి చివర తీసుకోకండి. పాంథియన్ చుట్టుపక్కల ఉంటే నవోనా కూడలి ఐదు నిమిషాలు, ట్రెవి ఫౌంటెన్ పది నిమిషాల నడక. మధ్యాహ్నం గదికి వచ్చి ఒక కునుకు తీసి సాయంత్రం మళ్లీ వెళ్లొచ్చు. ఊళ్లో రెండు వేలకు పైగా మంచినీటి కొళాయిలు వీధుల్లోనే ఉన్నాయి. ఆ నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు, బాటిల్ నింపుకోండి. పబ్లిక్ టాయిలెట్లు మాత్రం తక్కువ. ఏదైనా కాఫీ బార్‌లో ఒక కాఫీ తాగితే ఆ పని కూడా అవుతుంది. నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఎక్కువ ధర. అమ్మానాన్నలు కూర్చునే తాగనివ్వండి.

విమానాశ్రయంలో వీల్‌చెయిర్ సాయానికి డబ్బు కట్టక్కర్లేదు. 48 గంటల ముందు ఎయిర్‌లైన్స్‌కు చెబితే చాలు. పెద్ద రైల్వే స్టేషన్లలో ‘సాలా బ్లూ’ అనే సహాయ కేంద్రాలున్నాయి. అడగడానికి నామోషీ పడేది పెద్దవాళ్లు కాదు, చాలాసార్లు మనమే. టెర్మినీ స్టేషన్ నుంచి వాటికన్ వైపు వెళ్లే 64 నంబరు బస్సులో, మెట్రోలో జేబుదొంగలతో జాగ్రత్త. బంగారం ఇంట్లోనే పెట్టి వెళ్లడం ఉత్తమం.

ఇక తిండి. శాకాహారులకు ఇటలీ సుఖమే, కానీ తెలుసుకొని తినాలి. పార్మజాన్, పెకోరినో చీజ్‌ల తయారీలో దూడ లేదా గొర్రెపిల్ల కడుపు నుంచి తీసే రెన్నెట్ వాడతారు. అప్పటికప్పుడు చేసే పాస్తాలో తరచూ గుడ్డు ఉంటుంది. నిష్ఠగా ఉండేవాళ్లకు మారినారా పిజ్జా చెప్పండి: టమాటా, వెల్లుల్లి, నూనె, కాస్త ఒరెగానో, చీజ్ లేదు. వెల్లుల్లి, ఎండుమిరపతో చేసే ‘ఆలియో ఓలియో ఎ పెపెరొంచీనో’ పాస్తా మన నాలుకకు బాగా నచ్చుతుంది. మూడో రోజుకు అన్నం మీద బెంగ పుడితే టెర్మినీ దగ్గరే ఎస్క్విలినో మార్కెట్ ఉంది. బెండకాయల నుంచి మసాలా దినుసుల దాకా దొరుకుతాయి.

ఒక్క నగరంలో ఉంటే మరో లాభం ఉంది. చూసినదాని గురించి మాట్లాడుకునే తీరిక దొరుకుతుంది. నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. రోమన్ ఫోరమ్‌లో ఒక రాతి మీద కూర్చొని ఆ మాట తాతయ్య మనవడికి చెబితే, పిల్లాడికి ఆ శిథిలాలూ మన కృష్ణా తీరమూ ఒకేసారి గుర్తుంటాయి. రైలు టైమైపోతోందని పరుగెత్తిస్తే ఆ ముచ్చటకు చోటెక్కడ?

మరో ఊరు చూడాలని వాళ్లే సరదా పడితే ఫ్లోరెన్స్ హైస్పీడ్ రైల్లో గంటన్నరే, పొద్దున వెళ్లి సాయంత్రం రావచ్చు. సోమవారం మాత్రం వద్దు, అక్కడి ఉఫీజి మ్యూజియానికి సెలవు. వెనిస్‌కు 2024 నుంచి కొన్ని రోజుల్లో ఉదయం వచ్చి సాయంత్రం వెళ్లేవాళ్ల దగ్గర ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు, ముందే చూసుకోండి.

ఇవన్నీ బుక్ చేసే ముందు ఒక ఫోన్ చేయండి. ‘అమ్మా, రోజుకు ఎంతసేపు నడవగలవు? నీకు ఏం చూడాలని ఉంది?’ అని అడగండి. ‘మీ ఇష్టం నాన్నా’ అనే అంటుంది. ఆ జవాబుతో ఫోన్ పెట్టేయకుండా రెండోసారి అడగండి.