బహుళ అంతస్తుల నివాసాలు: అమరావతి అనుభవం – కోనసీమ కొనుగోలుదారులకు పాఠం

అమలాపురం: నగరాలలో భూమి విలువ పెరిగినకొద్దీ నివాస గృహాలు ఎత్తుకు పెరగడం సహజ పరిణామం. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2006లో జారీ చేసిన జీవో 86తో హైదరాబాద్‌లో స్థల వైశాల్యాన్ని బట్టి నిర్మాణ విస్తీర్ణానికి ఉండే పరిమితి తొలగింది. రోడ్డు వెడల్పు, చుట్టూ విడువవలసిన ఖాళీ స్థలం ఆధారంగా ఎత్తును నిర్ణయించే విధానం అమలులోకి వచ్చింది. కోకాపేట పరిసరాలలో నేడు కనిపించే ఆకాశహర్మ్యాలకు ఈ విధానమే పునాది.

రాష్ట్ర విభజన అనంతరం నూతన రాజధాని అమరావతిలో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) స్వయంగా ఇట్టి నిర్మాణానికి పూనుకుంది. నేలపాడు వద్ద 12 టవర్లలో, ఒక్కొక్కటి 18 అంతస్తులతో, 1,200 ఫ్లాట్లు నిర్మించేందుకు ‘హ్యాపీ నెస్ట్’ పథకాన్ని రూపొందించింది. 2018 నవంబరు 9న ఆన్‌లైన్ బుకింగ్ ప్రారంభం కాగా విశేష స్పందన లభించింది. 2019 తరువాత రాజధాని పనులు స్తంభించడంతో ఈ పథకమూ నిలిచిపోయింది. దీనిని పునరుద్ధరించాలని 2024లో నిర్ణయం జరిగింది.

ఈ విరామం ఒక వాస్తవాన్ని స్పష్టం చేస్తున్నది. పల్లెలో ఇల్లు కట్టుకునే వ్యక్తి ఒక గది పూర్తికాగానే అందులో చేరి, మిగిలినది వీలువెంబడి కట్టుకోగలడు. బహుళ అంతస్తుల భవనంలో అటువంటి వెసులుబాటు లేదు. లిఫ్టులు, నీరు, అగ్నిమాపక ఏర్పాట్లు మొత్తం భవనానికి సిద్ధమైన పిదపనే ఏ కుటుంబమైనా ప్రవేశించగలదు. అంతవరకు బ్యాంకు వడ్డీ, ఇంటి అద్దె రెండూ మోయవలసినదే. కొబ్బరి, వరి ఆదాయాన్ని, గల్ఫ్ సంపాదనను పొదుపు చేసి పట్టణాలలో ఫ్లాటు కొనే అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల కుటుంబాలకు ఇది కీలకాంశం.

ఇట్టి నష్టాల నుండి రక్షణకే 2016లో స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) వచ్చింది. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గాని, 8 ఫ్లాట్లకు మించి గాని చేపట్టే నిర్మాణాన్ని నమోదు చేయించిన తరువాతనే విక్రయించాలి. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచి, ఆ నిర్మాణానికి, భూమి ఖర్చుకే వినియోగించాలి. గడువులోగా అప్పగించని పక్షంలో కొనుగోలుదారు వైదొలగి సొమ్మును వడ్డీతో తిరిగి పొందవచ్చు. కొనసాగదలచిన వారికి జాప్యం జరిగిన ప్రతి నెలకు వడ్డీ చెల్లించాలి. అప్పగించిన 5 సంవత్సరాలలోపు నిర్మాణ లోపాలు బయటపడితే బిల్డరే ఉచితంగా సరిచేయాలి.

కోనసీమ పట్టణాలలోనూ అపార్టుమెంట్లు పెరుగుతున్న తరుణంలో నేల స్వభావం విస్మరించరానిది. గౌతమి, వశిష్ట పాయల నడుమ ఒండ్రుమట్టితో ఏర్పడిన ఈ గడ్డపై భూగర్భజలం పైపొరలలోనే ఉంటుంది. అందుచేత ఎత్తయిన కట్టడాలకు ముందుగా మట్టి పరీక్ష, అవసరమైనచోట లోతైన పైల్ పునాదులు తప్పనిసరి. 1996 నవంబరు 6 నాటి తుఫాను సృష్టించిన బీభత్సం దృష్ట్యా గాలి ఒత్తిడిని తట్టుకునే రూపకల్పన కూడా అంతే ముఖ్యం. జాతీయ భవన నిర్మాణ స్మృతి 15 మీటర్లు, అంతకు మించిన కట్టడాన్ని ఎత్తయిన భవనంగా పరిగణించి అదనపు అగ్నిభద్రతా నిబంధనలు నిర్దేశించింది.

కనుక అడ్వాన్సు చెల్లించడానికి ముందే రెరా నమోదు సంఖ్య, ఆమోదిత ప్లాను, అప్పగింత గడువులను పరిశీలించుకోవడం ప్రతి కుటుంబానికి శ్రేయస్కరం.