లోయలో దాగిన తాత!

రాక్షసబల్లులు తిరిగిన కాలం నాటి చెట్టు. దాన్ని పోలిన ఆకులూ పుప్పొడీ శాస్త్రవేత్తలకు శిలాజాల్లోనే కనిపించేవి. అందులో పుప్పొడి అయితే 9 కోట్ల ఏళ్ల పాతది. 20 లక్షల ఏళ్ల నుంచి ఆ ఆనవాళ్లూ లేవు. ఇంకేముంది, అంతరించిపోయిందనుకున్నారు. కానీ ఆ చెట్టు ఎక్కడికీ పోలేదు. ఆస్ట్రేలియాలో సిడ్నీ మహానగరానికి వాయవ్యంగా ఉన్న ఓ ఇరుకు లోయలో హాయిగా బతికేస్తోంది!

ఆ గుట్టు బయటపడింది 1994 సెప్టెంబరులో. జాతీయ పార్కుల శాఖలో పనిచేసే డేవిడ్ నోబుల్ ఇద్దరు మిత్రులతో కలిసి వోలెమీ నేషనల్ పార్కులోని లోతైన లోయలోకి తాళ్లు కట్టుకుని దిగాడు. అక్కడ ఎప్పుడూ చూడని చెట్లు కనిపిస్తే ఓ రెమ్మ తెంపుకొచ్చాడు. దాన్ని చూసిన వృక్షశాస్త్రవేత్త ముందు ఏ ఫెర్న్ మొక్కదో అనుకున్నాడట. అది ఏకంగా 40 మీటర్ల దాకా పెరిగే మానుదని తెలిసి ముక్కున వేలేసుకున్నారంతా. పార్కు పేరూ, నోబుల్ పేరూ కలిపి దానికి 'వోలెమియా నోబిలిస్' అని నామకరణం చేశారు. మన నర్సరీల్లో క్రిస్మస్ చెట్టుగా అమ్మే అరకేరియా దీనికి దగ్గరి చుట్టమే.

ఇన్ని కోట్ల ఏళ్లు ఎలా నెగ్గుకొచ్చింది? ఒక కాండం చచ్చిపోతే మొదట్లోంచి మరోటి పుట్టుకొస్తుంది. ఒకే వేరు మీద చిన్నా పెద్దా కాండాలు గుంపుగా లేస్తాయి. అంటే తాత పోయేలోపే మనవలు సిద్ధం! పైగా లోయలోని తేమ, ఎత్తైన రాతిగోడలు కోటలా కాపుకాశాయి.

అయితే బలంతో పాటే బలహీనతా ఉంది. అడవిలో ఎదిగిన చెట్లు వందకన్నా తక్కువే. జన్యుపరంగా అన్నీ దాదాపు ఒకే అచ్చు. ఒకదాన్ని చంపే తెగులు అన్నిటినీ చంపగలదు. 2005లో వేళ్లను కుళ్లబెట్టే ఫైటాఫ్తొరా తెగులు అక్కడ కనిపించనే కనిపించింది. అనుమతి లేకుండా వెళ్లినవారి బూట్ల మట్టితో వచ్చి ఉంటుందని అనుమానం. అందుకే ఆ లోయ ఎక్కడుందో ఇప్పటికీ రహస్యమే.

అసలు పరీక్ష 2019 చివర్లో ఎదురైంది. పిడుగుపాటుతో రాజుకున్న గోస్పర్స్ మౌంటెన్ కార్చిచ్చు 5 లక్షల హెక్టార్లకు పైగా బూడిద చేస్తూ లోయను చుట్టుముట్టింది. విమానాలు మంటల్ని అడ్డుకునే రసాయనాన్ని చల్లాయి. అగ్నిమాపక సిబ్బంది హెలికాప్టర్ నుంచి తాళ్లతో దిగి, పైపులు పరిచి నేలను తడిపారు. తర్వాత దట్టమైన పొగ కమ్మేసింది. చెట్లు ఉన్నాయో పోయాయో తెలియని ఉత్కంఠ! చివరికి 2020 జనవరిలో చల్లటి కబురు... కొన్ని కమిలిపోయినా, పెద్ద చెట్లు చాలావరకు బతికి బయటపడ్డాయి.

ఒక్క లోయనే నమ్ముకోకూడదని 2006 నుంచే నర్సరీల్లో పెంచిన మొక్కల్ని జనానికి అమ్ముతున్నారు. 2023లో యూరప్, ఆస్ట్రేలియాల్లోని పలు బొటానికల్ గార్డెన్లలో నాటారు. ఇప్పుడా తాత ఇళ్ల ముందు కుండీల్లోనూ కనిపిస్తాడు.

కోట్ల ఏళ్లపాటు ఎవరి సాయం లేకుండా బతికిన చెట్టుకి, ఇప్పుడు మనిషి కాపలా కావాల్సి వస్తోంది. అదీ మనిషి బూటు నుంచే!